పోస్టులో వచ్చే అద్దె సినిమా డిస్కుల కవరు దారిలో ఎవరైనా విప్పుతున్నారా? తేల్చుకునే పద్ధతి

ఒడిశాలో రాయగడ, గుణుపురం, జయపురం, పర్లాకిమిడి వైపు ఉన్న మన తెలుగువాళ్లు ఈ మధ్య నన్ను పదే పదే అడుగుతున్నది ఒకటే. విశాఖ నుంచో విజయవాడ నుంచో పాత సినిమాల డిస్కులు అద్దెకు తెప్పించుకుంటున్నాం, కవరు చూస్తే ఎవరో విప్పి మళ్లీ అంటించినట్టుంది, ఏం చేయాలి అని. నెట్‌లో ఎక్కడా దొరకని సినిమాల కోసం ఇలా తెప్పించుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. మా నాన్నగారు అందులో ఒకరు, అందుకే ఇదంతా నేను నేర్చుకోవాల్సి వచ్చింది.

ఒక మాట ముందే చెప్తాను. అనుమానం రాగానే మన నోటికి వచ్చే మొదటి పేరు పోస్ట్‌మ్యాన్‌ది, ఎందుకంటే మనకు కనిపించేది ఆయనొక్కడే. కానీ కవరు ఆయన దగ్గరికి వచ్చేలోపు బుకింగ్ కౌంటరు, సార్టింగ్ హబ్బులు, రైలో వ్యానో, మన సబ్ పోస్టాఫీసు, ఇన్ని చేతులు దాటుతుంది. ఏ చేతి దగ్గర జరిగిందో చెప్పగలిగే ఆధారం తయారు చేసుకోవడమే ఇక్కడ మన పని. ఆధారం లేకుండా నిలదీస్తే తప్పు చేయని మనిషి మనసు నొచ్చుకుంటుంది, తీసినవాడు జాగ్రత్త పడతాడు, మన డిస్క్ మాత్రం తిరిగి రాదు.

1. అసలేం జరిగిందో ముందు విడదీసుకోండి

"కవరు విప్పేశారు" అని అందరూ ఒకే మాటలో చెప్తారు గానీ అందులో నాలుగు వేరు వేరు సంగతులుంటాయి.

- కవరు మూత లేచిపోయింది, లోపల అన్నీ ఉన్నాయి
- డిస్క్ లేదు, లేదా రెండింటిలో ఒకటి లేదు
- డిస్క్ ఉంది గానీ మనం అడిగింది కాదు, లేదా ఒరిజినల్ బదులు కాపీ ఉంది
- డిస్క్ విరిగింది, గీతలు పడ్డాయి

మొదటిది ఎక్కువగా వానా జిగురూ చేసే పని. నాలుగోది ఎక్కువగా బరువు మీద పడటం వల్లా ప్యాకింగ్ వల్లా జరుగుతుంది. అమెరికాలో పోస్టులో గేమ్ డిస్కులు అద్దెకిచ్చే గేమ్‌ఫ్లై అనే సంస్థ, సార్టింగ్ మెషీన్లలో పడి తమ డిస్కులు విరిగిపోతున్నాయని, అప్పట్లో నెట్‌ఫ్లిక్స్ పోస్టులో అద్దెకు పంపే డీవీడీలను మాత్రం చేత్తో వేరుగా చూస్తున్నారని 2009లో అక్కడి పోస్టల్ రెగ్యులేటరీ కమిషన్‌కు ఫిర్యాదు చేసింది, 2011లో కమిషన్ ఆ వివక్ష నిజమేనని తేల్చింది. అంటే విరిగిన డిస్క్ చూసి దొంగతనం అనుకోనక్కర్లేదు.

నిజంగా అనుమానించాల్సినవి రెండోదీ మూడోదీ. అందులోనూ మూడోది చాలాసార్లు పంపేవాళ్ల దగ్గర పెట్టెలు తారుమారై జరుగుతుంది, కాబట్టి ముందు వాళ్లకు ఫోన్ చేసి అడగండి. ఇంట్లో పిల్లలు మీకంటే ముందు కవరు విప్పారేమో అదీ అడగండి, కోపంగా కాకుండా.

2. పంపేవాళ్లతో ముందే మాట్లాడుకోండి

ఈ మెట్టు వదిలేస్తే మిగతావన్నీ వృథా. పంపినప్పుడు ఎలా ఉందో తెలియకపోతే వచ్చినప్పుడు ఏం మారిందో ఎలా చెప్తాం? అద్దెకిచ్చేవాళ్లను ప్రతి కవరుకూ ఇవి అడగండి, మంచివాళ్లయితే సంతోషంగా చేస్తారు, ఎందుకంటే డిస్క్ వాళ్లది.

- డిస్క్ రెండు వైపులా ఫొటో
- డిస్క్ మధ్య రంధ్రం చుట్టూ అద్దంలా మెరిసే పట్టీ ఉంటుంది, దాని మీది నంబరు చదవగలిగేలా ఒక దగ్గరి ఫొటో
- మూసిన కవరు ముందూ వెనకా ఫొటో, టేపు కొసలు కనిపించాలి
- బుకింగ్ రసీదు ఫొటో, దాని మీద బరువు కనిపించాలి

ఆ లోపలి పట్టీ సంగతి చాలామందికి తెలియదు. ఫ్యాక్టరీలో ముద్రించిన డిస్కుకు అక్కడ మాస్టరింగ్ నంబరు ఉంటుంది, చాలావాటికి పక్కనే చిన్న అక్షరాల్లో ఐఎఫ్‌పీఐ (అంతర్జాతీయ రికార్డింగ్ సంస్థల సమాఖ్య) అని ఒక కోడ్ కూడా ఉంటుంది. వెలుతురుకు కాస్త వాల్చి పట్టుకుంటే చదవొచ్చు. పైన లేబుల్ ఎంత బాగా నకలు చేసినా, కంప్యూటర్లో డిస్కులు రాసే రైటర్‌తో ఈ నంబరును నకలు చేయలేరు. రైటర్లో కాపీ చేసిన డిస్క్ అయితే అడుగు భాగం ఎక్కువగా ఊదా, నీలం, ఆకుపచ్చ లాంటి ఛాయలోకి తిరుగుతుంది, ఒరిజినల్ ఎక్కువగా వెండిలా ఉంటుంది.

అయితే పంపినవాళ్లే కాపీ డిస్కులు అద్దెకిస్తున్నారనుకోండి, అప్పుడు ఫిర్యాదు చేసేటప్పుడు మీరే ఇరుకున పడతారు. అలాంటి చోట తీసుకోకండి.

3. అడ్రసు: మన ఊళ్ల పేర్లతోనే సగం తంటా

రాయగడ అంటే మనకు మజ్జిగౌరి అమ్మవారి ఊరు. కానీ దేశం మొత్తంలో ఛత్తీస్‌గఢ్ రాయ్‌గఢ్ ఉంది, మహారాష్ట్రలో రాయ్‌గడ్ జిల్లా ఉంది. జయపురం సంగతి ఇంకా ఘోరం, ఇంగ్లీషులో ఒక్క అక్షరం అటూఇటూ అయితే కవరు రాజస్థాన్ జైపూర్ వెళ్లి వస్తుంది. అలా వారం ఎక్కువ తిరిగిన కవరు నలిగి, చినిగి, ఎవరో టేపు వేసి పంపితే మన చేతికి వచ్చేసరికి దొంగలు పడ్డట్టే కనిపిస్తుంది.

- అడ్రసు ఇంగ్లీషులో పెద్ద అక్షరాల్లో రాయించండి, వీలైతే కింద ఒడియాలో కూడా. తెలుగులో మాత్రమే రాస్తే విజయనగరం దాటాక చదివేవాళ్లు తగ్గుతారు
- పిన్ కోడ్ పెద్దగా, విడిగా: రాయగడ 765001, జయపురం 764001. ఛత్తీస్‌గఢ్ రాయ్‌గఢ్‌ది 496001, రాజస్థాన్ జైపూర్‌ది 302001, తేడా చూడండి
- జిల్లా పేరు, ఒడిశా అని తప్పకుండా
- ఇద్దరి ఫోన్ నంబర్లూ
- కవరు మీద సినిమా పేరు గానీ, డీవీడీ అని గానీ రాయించకండి

4. విప్పితే తెలిసిపోయేలా ప్యాకింగ్

తాళం వేయడం మన వల్ల కాదు. విప్పినవాడు గుర్తు మిగల్చకుండా మూయలేకపోతే మనకు అంతే చాలు.

డిస్కును ముందు ప్లాస్టిక్ తొడుగులో, తర్వాత డిస్కు కంటే అన్ని వైపులా ఒక వేలు వెడల్పు ఎక్కువున్న రెండు అట్టల మధ్య పెట్టించండి. అట్టలు ఒకదానికొకటి టేపుతో అతకాలి, లేకపోతే డిస్క్ కవరులో అటూఇటూ జారుతుంది, బయట నుంచి వేలితో తడిమితే గుండ్రంగా తెలిసిపోతుంది.

బయటి కవరు మూతకు నీళ్లతో తడిపే జిగురును నమ్మకండి. ఆవిరి పట్టినా, కోరాపుట్ వానల్లో బ్యాగు తడిసినా అది దానంతటదే లేస్తుంది. ఫెవికాల్ పల్చగా రాసి, ఆరాక, మూత గీత మీద అడ్డంగా బాల్ పెన్‌తో సంతకం చేసి, ఆ సంతకం మీద పారదర్శకమైన టేపు వేయాలి. టేపు కొస మీద కూడా ఒక గీత, సగం టేపు మీద సగం కాగితం మీద పడేలా మార్కర్‌తో గీయాలి. టేపు లేపి మళ్లీ వేస్తే ఆ రెండు సగాలూ మళ్లీ కలవవు, వెంట్రుకవాసి అయినా తేడా వస్తుంది. లేపితే అక్షరాలు బయటపడే సెక్యూరిటీ టేపు ఆన్‌లైన్లో దొరుకుతుంది, అది ఇంకా మంచిది.

స్టేపుల్ పిన్నులు వద్దు. వాటి వల్లే పక్క కవర్లు చినుగుతాయి, డిస్కు మీద గీతలు పడతాయి.

5. బుకింగ్, ట్రాకింగ్

మామూలు పోస్టులో పంపితే అది ఎక్కడెక్కడికి వెళ్లిందో రికార్డే ఉండదు, కాబట్టి స్పీడ్ పోస్టే. 2025 అక్టోబరు నుంచి స్పీడ్ పోస్టుకు కొంచెం అదనంగా కట్టి రిజిస్ట్రేషన్, ఓటీపీ డెలివరీ తీసుకోవచ్చు, రెండూ తీసుకోండి. రిజిస్ట్రేషన్ ఉంటే కవరు ఎవరి పేరు మీద ఉందో వాళ్లకో, వాళ్లు రాసిచ్చిన మనిషికో ఇవ్వాలి. ఓటీపీ విషయంలో ఒక జాగ్రత్త: కవరు చేతిలోకి తీసుకుని అన్ని వైపులా చూశాకే నంబరు చెప్పండి, గుమ్మంలోకి రాకముందే ఫోన్లో చెప్పేయకండి.

ట్రాకింగ్ పేజీని రోజూ ఒకసారి స్క్రీన్‌షాట్ తీసుకోండి, కొన్నాళ్లయ్యాక ఆ వివరాలు కనిపించకుండా పోతాయి. మీరు చూడాల్సింది ఒకే చోట కవరు ఎంతసేపు ఆగిందన్నది. ప్రతిసారీ ఒక రోజులో దాటే ఆఫీసులో ఈసారి నాలుగు రోజులు ఉండిపోతే రాసి పెట్టుకోండి. ఒక్కసారి ఆగిందని ఏదీ తేల్చేయకండి, రైలు ఆలస్యమైనా, ఆదివారం వచ్చినా, రథయాత్ర సెలవు వచ్చినా ఆగుతుంది.

6. కవరు తీసుకునే నిమిషం (అన్నిటికంటే ముఖ్యం)

కవరు తీసుకుని, సంతకం పెట్టి, పోస్ట్‌మ్యాన్ వెళ్లాక చూసుకునేవాళ్లే ఎక్కువ. సంతకం పెట్టాక "ముందే చినిగి ఉంది" అంటే ఎవరు నమ్ముతారు?

అందుకే ఈ వరస తప్పకండి.

- సంతకానికి ముందు కవరు రెండు వైపులా, నాలుగు అంచులూ చూడండి
- పంపినవాళ్లు వాట్సాప్‌లో పెట్టిన ఫొటో పక్కన పెట్టుకుని టేపు కొసలూ సంతకం గీతా పోల్చండి
- పోస్ట్‌మ్యాన్ అక్కడ ఉండగానే ఫొటో తీయండి, ఆయన ముఖం కాదు, కవరు మాత్రమే
- తేడా ఉంటే డెలివరీ కాగితం మీద "కవరు చినిగి అందింది" అని ఇంగ్లీషులో రాసి, తేదీ, టైము వేసి సంతకం పెట్టండి. సంతకం ఫోన్ మీద తీసుకుంటుంటే ఆ ముక్క రాసే చోటుండదు, అప్పుడు కవరు తీసుకోకుండా పోస్టాఫీసుకే వస్తానని చెప్పండి

ఆయనతో మాట్లాడే తీరు కూడా చెప్తాను, ఎందుకంటే ఇక్కడే చాలామంది చెడగొట్టుకుంటారు. "బాబాయ్, ఇది మీ చేతికి వచ్చేసరికే ఇలా ఉందా? ఒకసారి పోస్ట్‌మాస్టరు గారికి చూపిద్దామా?" అంటే చాలు. తప్పు లేని మనిషి వెంటనే సరే అంటాడు, పైగా మీకు సాక్షి అవుతాడు.

పోస్టాఫీసులో పోస్ట్‌మాస్టర్‌ను ఓపెన్ డెలివరీ అడగండి. అంటే ఆయన ఎదుటే కవరు విప్పి, లోపల ఏమున్నాయో కాగితం మీద రాసి, ఇద్దరూ సంతకం పెట్టడం. దెబ్బతిని వచ్చిన రిజిస్టర్డ్, ఇన్సూర్డ్ కవర్లకు పోస్టాఫీసుల్లో ఈ పద్ధతి ఉంది. నోటితో అడిగితే రేపు రమ్మంటారు, తెల్ల కాగితం మీద రెండు ముక్కలు రాసిస్తే పట్టించుకుంటారు. రాయగడ కౌంటర్లో తెలుగులో మాట్లాడినా పని అవుతుంది గానీ కాగితం ఇంగ్లీషులోనో ఒడియాలోనో ఉండాలి.

ఇక తూకం. మాకు అన్నీ తేల్చిపెట్టింది ఇదే. ఆ రోజు వచ్చింది రెండు వీసీడీల సినిమా. వీసీడీలో గంటా ఇరవై నిమిషాల కంటే ఎక్కువ పట్టదు కాబట్టి మన సినిమాలు రెండు మూడు డిస్కులుగా వస్తాయి కదా. అంతకుముందు నెలలో ఒకసారి ఇలాగే రెండో డిస్క్ రాలేదు, నాన్నగారు ఇంటర్వెల్ దాకా చూసి, రిమోట్ పట్టుకుని అలాగే కూర్చుండిపోయారు. నేను నెల రోజులు మా పోస్ట్‌మ్యాన్‌నే అనుమానించాను, అది నా తప్పు. రెండోసారి మూత దగ్గర గీత కలవలేదు, నేను విప్పలేదు, ఆయనతోనే పోస్టాఫీసుకి వెళ్లి కౌంటర్ మీది తూకంలో పెట్టించాను. రసీదు మీద 94 గ్రాములు. తూకంలో 78. ఒక డిస్క్ బరువు 15, 16 గ్రాములుంటుంది. కవరు విప్పకుండానే లోపల ఒకటి లేదని అందరికీ తెలిసిపోయింది.

ఆ తర్వాతి కవరు వచ్చిన పొద్దున బ్యాగు విప్పగానే తూచమని పోస్ట్‌మాస్టర్‌ను బతిమాలాను. అప్పటికే మళ్లీ 16 గ్రాములు తక్కువ. అంటే మా పోస్ట్‌మ్యాన్ చేతికి రాకముందే, మా ఊరు చేరకముందే జరిగింది. ఎక్కడన్నది శాఖ విచారణలో తేలాల్సిందే గానీ, ఆయన మీద నాకున్న అనుమానం ఆ తూకం దగ్గరే పోయింది.

ఇంట్లో కిచెన్ తూకం ఉంటే సరే, లేకపోతే తెలిసిన బంగారం కొట్లో అడగండి. రెండు మూడు గ్రాముల తేడాను లెక్క చేయకండి, తేమ వల్ల కాగితం బరువు మారుతుంది.

7. ఇంట్లో విప్పేటప్పుడు

ఒకరు విప్పాలి, ఒకరు ఫోన్లో వీడియో తీయాలి. మూసి ఉన్న కవరుతో మొదలుపెట్టి, ట్రాకింగ్ నంబరు చూపించి, మధ్యలో ఆపకుండా డిస్క్ లోపలి పట్టీ నంబరు దాకా ఒకే వీడియోగా తీయండి. కవరును మూత వైపు కాకుండా కింది అంచు దగ్గర కత్తెరతో కోయండి, మూత మీది గుర్తులు చెడిపోకూడదు.

కవరు పారేయకండి. అట్ట, తొడుగు, టేపు ముక్క, అన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి తేదీ రాసి పెట్టండి. నన్ను అడిగిన పదిమందిలో తొమ్మిదిమంది కవరు చెత్తబుట్టలో వేసేశాకే అడిగారు.

8. గుర్తులు ఎలా చదవాలి

వానకు లేచిన మూత: కాగితం అలలు అలలుగా ముడుచుకుంటుంది, ఇంకు పాకుతుంది, జిగురు రెండు వైపులా నున్నగా ఉంటుంది. తడి మూత దగ్గరే కాదు, కవరంతా ఉంటుంది. తడి గుర్తులు మూత గీత వెంట మాత్రమే ఉంటే ఆవిరి పట్టారేమో అని ఆలోచించండి.

చేత్తో లేపిన మూత: ఒక వైపు కాగితం పొర ఊడి నూగులా లేస్తుంది, దాని మీద రెండో జిగురు రంగు తేడాగా కనిపిస్తుంది, గీత కలవదు.

పోస్టాఫీసు వాళ్లే అతికినది: దారిలో చినిగితే వాళ్లు టేపు వేసి, దెబ్బతిని అందిందని రాసి, తేదీ ముద్ర వేయాలి. ముద్ర, పొట్టి సంతకం ఉంటే అది దాచిపెట్టిన పని కాదు, ఏ ఆఫీసులో జరిగిందో కూడా ఆ ముద్రే చెప్తుంది. కొత్త టేపు ఉండి, ఏ ముద్రా లేకపోతే అప్పుడు అనుమానించాలి.

చట్టప్రకారం విప్పడం కూడా ఉంటుంది. 2024 జూన్ 18 నుంచి అమల్లోకి వచ్చిన పోస్టాఫీసు చట్టం, 2023లోని 9వ సెక్షన్ ప్రకారం దేశ భద్రత లాంటి కారణాలతో ప్రభుత్వం అధికారం ఇస్తే కవరు ఆపి విప్పవచ్చు. సినిమా డిస్కులకు ఆ అవసరం రావడం అరుదు.

డిస్కు మీద గీతల్లో కూడా తేడా ఉంది. మధ్య నుంచి అంచుకు పోయే గీత వల్ల సినిమా అంతగా ఆగదు, గుండ్రంగా ట్రాక్ వెంట పోయే గీత వల్ల ఆగుతుంది, ఇది ఎక్కువగా ప్లేయర్లోనో, గుండ్రంగా తుడవడం వల్లో వస్తుంది, పోస్టులో కాదు. వీసీడీకి లేబుల్ వైపు గీత మరీ ప్రమాదం, డేటా పొర లేబుల్ కిందే ఉంటుంది. డీవీడీకి అది రెండు 0.6 మిల్లీమీటర్ల పొరల మధ్య ఉంటుంది కాబట్టి కాస్త నయం.

9. జంట కవర్ల పరీక్ష

ఒకే కవరు చూసి దేనికీ రావద్దు. పంపేవాళ్లను ఒప్పించి ఒకే రోజు, ఒకే కౌంటర్ నుంచి, ఒకేలా ప్యాక్ చేసిన రెండు కవర్లు వేయించండి. ఒకటి ఇంటి అడ్రసుకు, రెండోది పోస్ట్‌మాస్టర్ కేరాఫ్ మీ పేరు మీద, కౌంటర్లో గుర్తింపు కార్డు చూపించి తీసుకునేలా.

కౌంటర్‌ది బాగుండి ఇంటిది మాత్రమే తేడాగా వస్తుంటే సమస్య చివరి దారిలో ఉంది. రెండూ తేడాగా వస్తే పైన ఎక్కడో ఉంది. అప్పుడు ఇంకో జంటను వేరే ఊరి నుంచి, ఉదాహరణకు పార్వతీపురంలో బంధువులుంటే అక్కడి నుంచి వేయించండి. అది బాగుంటే విశాఖ వైపు బుకింగ్ దగ్గరో సార్టింగ్ దగ్గరో అని అర్థం. కనీసం మూడు జంటలైనా పంపాలి, తొందరపడకండి.

ఎర వేయడానికి డబ్బు, మరక పడే పొడి, ట్రాకర్ లాంటివి కవర్లో పెట్టొద్దు. కరెన్సీని మామూలుగా పోస్టులో పంపకూడదు, పొడి చూసి ఎవరైనా భయపడితే కేసు మీ మీదికి వస్తుంది.

10. ఫిర్యాదు: ఏది ముందు, ఏది తర్వాత

కవరు అందిన రోజే పోస్ట్‌మాస్టర్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, మీ కాపీ మీద తేదీ ముద్ర వేయించుకోండి. అదే రోజు ఇండియా పోస్ట్ వెబ్‌సైట్లో గానీ 1800 266 6868 టోల్ ఫ్రీ నంబర్లో గానీ నమోదు చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. పంపినవాళ్లు కూడా వాళ్ల ఊళ్లో చేయాలి, రసీదు వాళ్ల దగ్గరుంటుంది కదా.

జవాబు రాకపోతే, లేక "డెలివరీ అయింది" అని ఒక్క ముక్కతో మూసేస్తే, మీ డివిజన్ సూపరింటెండెంట్‌కు రాయండి, ఆ తర్వాత కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్. కవరు ఏ రోజు ఏ ఆఫీసులో బ్యాగులో పడిందో, ఎక్కడైనా బరువు రాశారో ఆర్టీఐ కింద 10 రూపాయలు కట్టి అడగొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఉత్తరంలో ఉండాల్సినవి:

- ట్రాకింగ్ నంబరు, బుక్ చేసిన తేదీ, ఆఫీసు
- రసీదు బరువు, అందినప్పటి బరువు, ఎక్కడ తూచారు
- లోపల ఉండాల్సినవి, ఉన్నవి
- కవరు గుర్తులు ఫొటోలతో
- మీకు కావాల్సింది: విచారణ, రాతపూర్వక జవాబు, పరిహారం

ఉండకూడనిది: ఫలానా మనిషి తీశాడు అన్న మాట. బరువు రాయండి, గీత కలవలేదని రాయండి, పేరు విచారణాధికారి చూసుకుంటారు.

పరిహారం గురించి పెద్ద ఆశ పెట్టుకోవద్దు. పైన చెప్పిన పోస్టాఫీసు చట్టంలోనే 10వ సెక్షన్ పోస్టాఫీసు బాధ్యతను నిబంధనల్లో చెప్పిన మేరకే పరిమితం చేసింది, ఉద్యోగి మోసంతోనో కావాలనో చేస్తే మాత్రం ఆ రక్షణ అతనికి ఉండదు. అందుకే దొరకని డిస్క్ అయితే బుకింగ్ అప్పుడే ఇన్సూరెన్స్ చేయించడం నయం. ప్రైవేటు కొరియర్ అయితే ముందు 1915 కన్జూమర్ హెల్ప్‌లైన్, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు, విశాఖ పరుగెత్తక్కర్లేదు. రెండేళ్లలోపు వేయాలి, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు.

11. తిరిగి పంపేటప్పుడు

అద్దె డిస్క్ కదా, తిరుగు ప్రయాణంలో పోతే డిపాజిట్ మనదే పోతుంది. పైన పంపేవాళ్లను అడిగినవన్నీ ఇప్పుడు మనం చేయాలి: లోపలి నంబరు ఫొటో, మూత మీద సంతకం, రసీదు బరువు.

కౌంటర్లో బుక్ చేశాక రసీదు చేతికి రాగానే బరువు అచ్చయిందో లేదో అక్కడే నిలబడి చూసుకోండి, లేకపోతే పెన్నుతో రాయించి ముద్ర వేయించండి. తర్వాత మూసిన కవరు ఫొటో, రసీదు ఫొటో వెంటనే వాళ్లకు వాట్సాప్ చేయండి. అందాక వాళ్లు తూచి ఆ అంకె మీకు పంపాలి, ఆ అంకె వచ్చాకే రసీదు పారేయండి.